చిన్న కొండే కదా!

2022 ఫిబ్రవరి 7న కేరళలోని పాలక్కాడ్ జిల్లా మలంపుళ దగ్గర 23 ఏళ్ల యువకుడొకడు స్నేహితులతో కలిసి కురుంబాచి కొండెక్కాడు. స్నేహితులు మధ్యలోనే వెనుదిరిగారు. అతను ముందుకెళ్లాడు. దిగేటప్పుడు పట్టు తప్పి జారి, నిట్టనిలువు రాతి గోడ మధ్యలో చిన్న నెర్రెలో చిక్కుకుపోయాడు. పైకి ఎక్కలేడు, కిందికి దిగలేడు. ఫోన్ దగ్గరుంది కాబట్టి తానున్న చోటును ఫొటో తీసి పంపగలిగాడు. సహాయక సిబ్బంది వచ్చారు, హెలికాప్టర్ వచ్చింది. అయినా అతని దగ్గరికి చేరడం కుదరలేదు. చివరికి సైన్యం కొండ పైనుంచి తాళ్లతో దిగి, 9వ తేదీన అతన్ని పైకి చేర్చింది. సుమారు 45 గంటలు ఆ నెర్రెలోనే, తిండీ నీళ్లూ లేకుండా, పగటి ఎండకూ రాత్రి చలికీ తట్టుకుని కూర్చున్నాడు.

అది హిమాలయం కాదు. ఊరివాళ్లు రోజూ తలెత్తి చూసే కొండ. మంచు లేదు, ఊపిరాడని ఎత్తు లేదు, తుపానూ లేదు. కాలు జారిందొక్కటే.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కొండల దారి పడుతున్నవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. శేషాచలం కోనలు, నాగలాపురం గుండాలు, నల్లమల, మారేడుమిల్లి, లంబసింగి, వికారాబాద్ దగ్గరి అనంతగిరి, ములుగు జిల్లా జలపాతాలు... వారాంతం వస్తే ఎక్కడ చూసినా వీపున సంచీ తగిలించుకున్న కుర్రకారే. మొక్కు కోసమో పని కోసమో తప్ప అడవిలో అడుగుపెట్టని మధ్యతరగతి, నడకలోని ఆనందం కోసమే నడవడం మొదలుపెట్టింది. ఇది మనసారా సంతోషించాల్సిన మార్పు. అడవిని కళ్లారా చూసినవాళ్లే రేపు ఆ అడవి తరఫున మాట్లాడతారు.

కానీ ఈ ప్రయాణాలకు మనవాళ్లు సిద్ధమయ్యే తీరు చూస్తే గుబులు పుడుతుంది. హైదరాబాద్ నుంచి ఉత్తరాఖండ్ ట్రెక్కుకు వెళ్లేవాళ్లు డాక్టర్ సర్టిఫికెట్ తీసుకుంటారు, మంచి బూట్లు కొంటారు, నెలరోజులు పార్కులో చెమటోడుస్తారు. అదే మనిషి శేషాచలం కోనకు పోవాలంటే శనివారం రాత్రి వాట్సాప్ గ్రూపులో మాట అనుకుని, ఆదివారం పొద్దున బైకు తీస్తాడు. కాళ్లకు చెప్పులు, చేతిలో లీటరు నీళ్ల సీసా, ఫోన్లో సగం చార్జింగ్. ఎందుకలా అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: చిన్న కొండే కదా!

లెక్కల్లో మనవి చిన్న కొండలే. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైనదిగా చెప్పుకునే అర్మకొండ సుమారు 1,680 మీటర్లు. తిరుమల కొండలు వెయ్యి మీటర్లకు అటూ ఇటూ. భువనగిరి ఏకశిల దాదాపు 500 అడుగులు. కానీ ప్రాణం తీసేది ఎత్తొక్కటే కాదు. హిమాలయాల్లో పేరున్న దారిలో పోతే ముందొక గైడు, వెనకొక గైడు, పూటపూటకూ గుడారం, ప్రతి మలుపులో మరో బృందం ఉంటాయి. మన తూర్పు కనుమల్లో మనిషెత్తు పొదలు, ఒకదానిలాగే కనిపించే మరో కోన, సిగ్నల్ లేని లోయ, మధ్యాహ్నానికి పెనంలా కాలే బండ ఉంటాయి. వెంట వచ్చేవాడు మాత్రం యూట్యూబ్ వీడియో చూసి దారి తెలుసుకున్నవాడు.

కొండను నిజంగా ఎరిగినవాళ్లు చిన్న కొండను ఎలా చూస్తారో తెలియాలంటే మాలావత్ పూర్ణను గుర్తుచేసుకోవాలి. తెలంగాణ ప్రాంతంలోని గురుకుల పాఠశాల విద్యార్థినిగా 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఆమె ఎవరెస్టు ఎక్కింది. సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటే శిఖరం చేరాడు. వాళ్లిద్దరి తొలి పాఠాలు భువనగిరి బండ మీదే జరిగాయి. తాడు కట్టుకోవడం, శిరస్త్రాణం పెట్టుకోవడం, ముందు కాలికి పట్టు దొరికాకే వెనక కాలు కదపడం అక్కడే నేర్చుకున్నారు. ఎవరెస్టుకు పోయే పిల్లలు ఆ 500 అడుగుల రాయి మీద తాడు విప్పలేదు. అదే రాయిని ఇవాళ సెల్ఫీ కోసం అంచు దాకా వెళ్లి నిలబడే చోటుగా చూస్తున్నాం.

నీళ్లతోనే పెద్ద గండం

మన అడవుల్లో దేనికి భయపడాలని అడిగితే చాలామంది పులి, పాము అంటారు. నా వరకు మొదటి జవాబు నీళ్లు. జలపాతం, దాని కింది గుండం, దాటాల్సిన వాగు. మన దగ్గర ట్రెక్కింగ్ అంటే దాదాపుగా నీళ్ల దగ్గరికి నడక. తలకోనైనా, నాగలాపురమైనా, ములుగు జలపాతాలైనా దారి చివర ఈత ఉంటుంది. అక్కడికి చేరేసరికి ఒళ్లు అలిసి, వేడెక్కి ఉంటుంది. ఆ ఒంటితోనే చన్నీళ్లలోకి దూకుతారు.

గుండం చెరువులాంటిది కాదు. పైనుంచి పడే ధార దాని అడుగును తొలుచుకుంటూ పోతుంది కాబట్టి ఒడ్డున మోకాలి లోతుంటే రెండడుగుల అవతల రెండు నిలువుల లోతుండవచ్చు. ధార పడే చోట నీళ్లలో గాలి బుడగలు నిండి ఉంటాయి. ఆ నురగ మనిషిని తేల్చలేదు. బాగా ఈదగలిగినవాడు కూడా అక్కడ చేతులాడించి అలిసిపోతాడు. పైగా అక్కడ తిరిగే సుడి మనిషిని బయటికి నెట్టకుండా ధార కిందికే లాగుతుంది. చుట్టూ బండల మీద పాచి. మునిగిపోతున్నవాణ్ని కాపాడబోయి వెంట దూకినవాళ్లు కూడా పోయిన వార్తలు ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం. ఒకరు మునుగుతుంటే ఒడ్డునున్నవాళ్లు చెయ్యాల్సింది దూకడం కాదు. తాడో, పొడవాటి కర్రో, ఒకదానికొకటి ముడేసిన తువ్వాళ్లో, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యానో విసరాలి. అందుకే బృందంలో ఒక్కరి సంచిలోనైనా పది పదిహేను మీటర్ల గట్టి తాడుండాలని నేను పట్టుబడతాను.

వాగు సంగతి వేరు. అది మోసం చేస్తుంది. మీ నెత్తిన ఆకాశం తేటగా ఉండవచ్చు. పది కిలోమీటర్ల ఎగువన కొండ మీద కుండపోత కురిసి ఉంటే ఆ నీళ్లు గంటకో రెండు గంటలకో మీ దగ్గరికొస్తాయి. వచ్చేముందు కొన్ని గుర్తులు కనిపిస్తాయి. తేట నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారతాయి, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తాయి, ఎగువ నుంచి హోరు వినిపిస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సంచులు, చెప్పులు, కెమెరా చూసుకోకుండా గట్టెక్కాలి. వడిగా పారే నీళ్లు చీలమండ దాటితే చాలు, ఎదిగిన మనిషి కూడా కాలు నిలదొక్కుకోలేడు.

2023 జులై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలోని ముత్యంధార జలపాతానికి వెళ్లిన దాదాపు 80 మంది తిరుగుదారిలో చిక్కుపడిపోయారు. పొద్దున దాటి వెళ్లిన వాగు సాయంత్రానికి దాటలేనంతగా పొంగింది. వాళ్లు ఫోన్ చేసి సమాచారమిచ్చి, రాత్రి అడవిలోనే ఉండిపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం చేరుకుని తెల్లవారేలోగా అందర్నీ దాటించింది. ఆ 80 మందీ బతికి బయటపడడానికి కారణం వాళ్లు దాటే సాహసం చెయ్యకపోవడమే. వానలో తడుస్తూ, ఆకలితో, దోమల మధ్య ఒక రాత్రి గడపడం కష్టమే. కానీ వాన ఆగితే చిన్న వాగులు కొన్ని గంటల్లోనే తగ్గుతాయి కూడా. చాలాసార్లు తెల్లారేసరికి దాటే వీలుంటుంది.

ఆనకట్ట దిగువన ఉండే ప్రమాదం ఇంకో రకం. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ పిల్లల ఫొటోలు పత్రికల్లో వరసగా అచ్చయిన రోజును తెలుగునాట ఎవరూ మరిచిపోలేదు. అక్కడ వాన కురవలేదు. నది వెడల్పుగా ఉండి మధ్యలో నీళ్లు తక్కువగా పారుతుంటే, ఎగువన ఆనకట్ట ఉందేమో కనుక్కోకుండా నదిలోకి దిగకూడదు. కృష్ణ మీదైనా, గోదావరి మీదైనా, మాచ్‌ఖండ్ మీదైనా ఇదే మాట.

తెలుగువాళ్లు దేశం దాటినా ఈ నీటి గండం వెంటే వస్తోంది. 2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనాలో గడ్డకట్టిన ఉడ్స్ కాన్యన్ సరస్సు మీద నడుస్తూ మంచు పగిలి ముగ్గురు భారతీయులు మరణించారు. వారిలో గుంటూరు జిల్లాకు చెందిన దంపతులున్నారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమెల్ జలపాతం దగ్గర ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. చదువుకోసమో ఉద్యోగం కోసమో చలిదేశాలకు వెళ్లే పిల్లలకు మంచు, చన్నీళ్లు రెండూ కొత్త. మన చెరువులో ఈదినవాడు కూడా పది డిగ్రీల చన్నీళ్లలో పడితే మొదటి నిమిషంలోనే ఎగశ్వాస పెట్టి నీళ్లు మింగేస్తాడు. ఆ నిమిషం పాటు ఈదే ప్రయత్నం మానుకుని వెల్లకిలా తేలితే ఊపిరి సర్దుకుంటుంది. వీసా, బ్యాంకు ఖాతా, చలికోటు గురించి పిల్లలకు ఎన్నో జాగ్రత్తలు చెప్పి పంపుతాం. ఇది కూడా చెప్పి పంపాలి.

ఎండ, చీకటి, తొందర

ఫిబ్రవరి దాటితే మన కొండల్లో ఎండ దెబ్బ మొదలవుతుంది. ఎక్కేవాడి ఒంట్లో పుట్టే వేడి చెమటగా పోవాలి. కోనల్లో గాలి ఆడదు, తేమ ఎక్కువ, చెమట ఆరదు. మొదట తలనొప్పి, వికారం, కండరాల పట్టు. అప్పుడే నీడకు చేరి, పడుకోబెట్టి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తే మనిషి తేరుకుంటాడు. లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు చాలు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ కూడా మంచిదే. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, నడక తూలుతున్నా, పిలిస్తే సరిగా పలక్కపోయినా అది వడదెబ్బే. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. అప్పుడు నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, బట్టలు వదులు చేసి, తువ్వాళ్లతో విసరాలి. వాగు దగ్గర్లో ఉంటే తల పైకి పట్టుకుని నీళ్లలో కూర్చోబెట్టాలి. మోసుకుని ఆస్పత్రికి పరుగెత్తడం ఆ తర్వాతి పని. ముందు చల్లబరచాలి.

మనిషికి లీటరు నీళ్లు పూటకు కూడా సరిపోవు. రోజంతా నడకంటే కనీసం మూడు లీటర్లు కావాలి. ఇంత బరువు ఎందుకని వాదించేవాళ్లతో నేను వాదించను. నీళ్లు మోయలేనివాళ్లు ఆ దూరం నడవకూడదంతే.

ఇక చీకటి. మన అక్షాంశాల్లో పొద్దు గూకాక అరగంటకల్లా చీకటి కమ్ముకుంటుంది. లోయలో అయితే అంతకుముందే. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ ఒక లెక్క చెప్పాడు. సమతలంలో అయిదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట అని. అది తెరిపి కొండల మీద, ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు. ముళ్లపొదలు, గులకరాళ్లు, ఫొటోల విరామాలు ఉన్న మన ఆదివారపు బృందానికి దాన్ని రెట్టింపు చేసుకోవాలి. అలా చేస్తే చాలా ప్రయాణాలు పొద్దున పదింటికి మొదలుపెట్టడానికి వీల్లేనివని కాగితం మీదే తేలిపోతుంది.

బృందం కదలకముందే ఒక గంట నిర్ణయించుకోవాలి. ఒంటిగంట అనుకోండి. జలపాతం కనబడినా కనబడకపోయినా, శిఖరం ఇంకో వంద అడుగులే ఉన్నా, ఒంటిగంటకు వెనక్కి తిరగాలి. ఈ మాట కొండ కిందే అనుకోవాలి. పైకి వెళ్లాక ఎవరూ వెనక్కి వద్దామనరు. అంతదూరం నడిచిన కాళ్లు, పెట్టిన ఖర్చు, పక్కవాడి హుషారు అన్నీ ముందుకే తోస్తాయి. ఒక్కరు మాత్రం కాళ్లు నొప్పని చెప్పడానికి సిగ్గుపడి మౌనంగా నడుస్తుంటారు. అందుకే బృందం వేగం అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగమే కావాలి. వాళ్లను చివర వదిలెయ్యకూడదు. వాళ్ల వెనక దారి తెలిసిన మనిషి ఒకరుండాలి. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు. మోకాళ్లు అలిసి ఉంటాయి, ధ్యాస ఇంటి మీదికి పోతుంది, ఎండుటాకుల కింద రాయి కనబడదు.

దారి తప్పామని అనిపించిన క్షణంలో మనిషి చేసే మొదటి పని తొందరగా నడవడం. సరిగ్గా అదే చెయ్యకూడదు. 1981లో అమెరికాలోని శాన్ డియాగో దగ్గర తొమ్మిదేళ్ల పిల్లాడు కొండల్లో తప్పిపోయి చనిపోయాక, అక్కడి గాలింపు బృందాలవాళ్లు పిల్లలకు ఒక పాఠం చెప్పడం మొదలుపెట్టారు. దారి తప్పితే దగ్గర్లో ఉన్న చెట్టును పట్టుకుని అక్కడే ఉండమని. పెద్దలకూ అదే పాఠం. ఆగాలి, కూర్చోవాలి, నీళ్లు తాగాలి, చివరిసారి దారి కచ్చితంగా కనిపించిన చోటు గుర్తుచేసుకోవాలి. అది దగ్గరే అయితే అక్కడి దాకా మాత్రమే వెనక్కి నడవాలి. లేదంటే తెరిపిగా ఉన్న చోట ఆగిపోయి ఈల ఊదాలి, మూడేసి చొప్పున, విరామమిస్తూ. గొంతు గంటలో పోతుంది. ఈల రోజంతా మోగుతుంది. వాగు వెంట దిగితే ఊరు వస్తుందన్న నమ్మకం మన కొండల్లో పనికిరాదు. మన వాగులు నిలువునా జలపాతాలై దూకుతాయి.

అడవి మనిషిని ఎంతగా దాచేస్తుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో గల్లంతైతే, ప్రభుత్వ యంత్రాంగమంతా కదిలి గాలించినా మర్నాటి ఉదయం గానీ ఆచూకీ దొరకలేదు. అంతమంది వెతికిన ముఖ్యమంత్రికే అంతసేపు పడితే, ఎక్కడికి వెళ్తున్నాడో ఇంట్లో కూడా చెప్పని కుర్రవాణ్ని ఎవరు, ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి?

ఇంటి దగ్గరుండే ఒక మనిషికి ఏ ఊరి నుంచి ఏ దారిలో ఎక్కుతున్నారో, ఎవరెవరు వెళ్తున్నారో, ఎన్నింటికి ఫోన్ చేస్తారో, ఎన్నింటి దాకా రాకపోతే పోలీసులకు చెప్పాలో రాసి ఇవ్వాలి. బండి ఎక్కడ పెట్టారో కూడా. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కిన మేటి. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ, వాతావరణం విషమించి, తిరిగి రాలేదు. ఏ పర్వతం మీద ఉన్నాడో తెలుసు కాబట్టి అర్జెంటీనా, చిలీ రెండువైపుల నుంచీ వెతకగలిగారు. ఏప్రిల్ మొదటివారంలో ఆయన భౌతికకాయం దొరికింది. అంతటివాడికే ఒంటరితనం ప్రాణం మీదికి తెచ్చింది.

ఫోన్ గురించి ఒక మాట. సిగ్నల్ లేదని వదిలెయ్యకండి. మీ సిమ్‌కు టవర్ అందకపోయినా వేరే కంపెనీ టవర్ అందుతుంటే 112కు కాల్ వెళ్లే అవకాశముంది. మాట వెళ్లని చోట ఎస్సెమ్మెస్ వెళ్లవచ్చు. కాస్త ఎత్తుకు వెళ్లి ప్రయత్నించండి. అమెరికా నుంచి వచ్చే మన పిల్లలకు మరో హెచ్చరిక. అక్కడ ట్రెక్కింగుకు వాడే శాటిలైట్ పరికరాలు ఇక్కడ ముందస్తు అనుమతి లేకుండా వాడకూడదు. అవి దగ్గరుండడం వల్ల విమానాశ్రయాల్లో పట్టుబడ్డ విదేశీ యాత్రికులున్నారు.

పాము, తేనెటీగ, చిరుత, నిప్పు

భయపెట్టే జీవాల గురించి కొంచెమే చెబుతాను. ఎండాకుల మీద రక్తపింజర కనబడదు. కాబట్టి చీలమండ మూసే బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. బండ చాటున చెయ్యి పెట్టేముందు చూడాలి. కాటేస్తే కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాలో చెయ్యో కదలకుండా బద్దలు కట్టి, వీలైతే మోసుకుని, విషవిరుగుడు మందున్న ఆస్పత్రికి చేర్చాలి. ఊళ్లో మంత్రం వేయించే గంటసేపే ప్రాణం మీదికి తెస్తుంది.

కొండచరియలకు వేలాడే పెద్ద తేనెతుట్టెల కింద పొగపెట్టడం, బాణసంచా కాల్చడం, ఘాటైన సెంటు పూసుకు వెళ్లడం కొరివితో తల గోక్కోవడమే. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తాలి. నిలబడి చేతులాడిస్తే ఇంకా మీదికొస్తాయి.

చిరుత విషయంలో తిరుమల మనకు బాధాకరమైన పాఠం నేర్పింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయింది. తర్వాత దేవస్థానం చిన్న పిల్లలను మధ్యాహ్నం రెండు గంటల తర్వాత ఆ దారిలో అనుమతించకూడదని నిర్ణయించింది. గుంపులుగా వెళ్లమంది, చేతికర్రలు ఇచ్చింది. పిల్లలను ముందుకు పరుగెత్తనివ్వకుండా పెద్దల మధ్యలో నడిపించడం ప్రతి అడవికీ వర్తించే పద్ధతి.

అన్నిటికన్నా నాకు భయం నిప్పంటే. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు వెళ్లిన బృందాలను కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎండిన గడ్డి, మధ్యాహ్నపు గాలి, ఏటవాలు కొండ. మంట పైకి ఎగబాకినంత వేగంగా మనిషి ఎక్కలేడు. వాలు పెరిగేకొద్దీ మంట వేగం రెట్టింపవుతూ పోతుంది. మంట కింద ఉండి మనం పైనుంటే, ఇంకా పైకి పరుగెత్తడం చావుకు ఎదురెళ్లడమే. పక్కకు జరిగి బండపరుపో, అప్పటికే కాలిన నేలో, నీటిమడుగో చేరాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా శేషాచలంలోనూ నల్లమలలోనూ గడ్డి అలాగే ఎండి ఉంటుంది. ఒక్క సిగరెట్ పీక చాలు.

పెద్దలు ఎంచుకున్న పౌర్ణములు

మన దగ్గర అడవినడక నిన్నమొన్న పుట్టిందేమీ కాదు. తిరుమల అడవుల్లోని తీర్థాలకు ముక్కోటి పేరుతో శతాబ్దాలుగా జనం నడుస్తున్నారు. రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి. నల్లమలలో చెంచుల సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి. వీటికి శాస్త్రం చెప్పే కారణాలు వేరే ఉండవచ్చు. నడిచేవాడి కళ్లతో చూస్తే మాత్రం ఆ తిథుల్లో ఎంతో ముందుచూపు కనిపిస్తుంది. వానలు పోయి వాగులు తగ్గిన కాలం. నేల ఆరిన దారి. పొద్దు గూకినా వెన్నెల ఉండే రాత్రి. ఏడాదికి ఆ కొద్ది రోజులే కాబట్టి ఎవరూ ఒంటరిగా నడవరు. అడవికి మిగతా రోజులన్నీ విశ్రాంతి. ఇప్పుడు ఆ తీర్థాల రోజున దేవస్థానం దారిపొడవునా అన్నం, నీళ్లు, వైద్య సిబ్బందిని ఏర్పాటు చేస్తోంది. గుండెజబ్బు, ఊబకాయం ఉన్నవాళ్లను రావద్దని కోరుతోంది.

అదే తుంబురు తీర్థానికి మరో రోజు, అనుమతి లేకుండా, దొంగదారిన వెళ్లేవాళ్లు ఈ భద్రతనంతా చేజేతులా వదులుకుంటున్నారు. రక్షిత అరణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం చట్టప్రకారం నేరం. శేషాచలం ఎర్రచందనం అడవి కూడా. రాత్రిపూట టార్చి వెలుగుతో తిరిగేవాడు ట్రెక్కరో స్మగ్లరో దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది? అంతకుమించి, దొంగతనంగా వెళ్లినవాళ్లు ఆపద వచ్చినా కేసు పెడతారని భయపడి ఫోన్ చెయ్యడానికి వెనకాడతారు. ఆ గంటో రెండు గంటలో ప్రాణం మీదికి తెస్తుంది.

అయితే నిషేధమొక్కటే మందనుకోవడం లేదు నేను. బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే కుర్రవాళ్లు బోర్డు పక్కనుంచి వెళ్తారు. కురంగణి విషాదం తర్వాత తమిళనాడు ట్రెక్కింగుకు నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబర్‌లో అటవీశాఖ ద్వారా 40 దారులను అధికారికంగా తెరిచింది. ఆన్‌లైన్‌లో పేరు నమోదు, ఏ దారి ఎంత కష్టమో వర్గీకరణ, స్థానిక గిరిజనుల్లోంచే శిక్షణ పొందిన గైడ్లు, కార్చిచ్చుల కాలంలో దారుల మూసివేత. ఆ గైడ్లకు ఆ అడవే జీవనాధారం, కాబట్టి దాన్ని కాపాడే బాధ్యతా వాళ్లదే అవుతుంది.

మన దగ్గరా ముక్కలు ముక్కలుగా ఇలాంటివి ఉన్నాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచు గైడ్లతో యాత్రలు నడుస్తున్నాయి. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు పర్యాటకాన్ని నడిపాయి. తేనె కోసం కొండచరియలకు తాళ్లు కట్టుకుని దిగే చెంచులు, శేషాచలం అంచుల్లోని యానాదులు, మన్యంలో కొండరెడ్లు ఉండగా దారి చూపే మనిషికి కరువేమిటి? వాళ్లకు ప్రథమ చికిత్స, తాడుతో రక్షించే పద్ధతి నేర్పి, నెల జీతం ఇచ్చి, దారి మొదట్లో నిలబెట్టాలి. ఆపద జరిగాక జిల్లా కేంద్రం నుంచి బృందం చేరేలోపు విలువైన గంటలు పోతాయి. ఆ లోయలో పుట్టిపెరిగినవాడు గంటలో చేరతాడు.

అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. తలకోన, నాగలాపురం, ముత్యంధార లాంటి చోట్ల దారి మొదట్లో ఒక గుడిసె, ఒక రిజిస్టరు, ఒక వైర్‌లెస్ సెట్టు, స్ట్రెచర్, వంద మీటర్ల తాడు చాలు. ఎక్కేవాళ్ల పేరు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసుకుని, ఎగువన వాన పడుతుంటే ఆ రోజుకు దారి మూసి, సాయంత్రం అయిదింటికి ఎవరి పేరు ఎదురుగా తిరిగొచ్చినట్టు సంతకం లేదో చూసుకునే మనిషి ఒకరుండాలి. వచ్చే వానాకాలానికి ముందే ఈ పని మొదలుపెట్టమని రెండు రాష్ట్రాల అటవీ, పర్యాటక శాఖలను అడుగుతున్నాను.